ఎలక మూత్రం డాక్టరుగారు

పశువుల డాక్టరు సుందరరామయ్యతో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా, మూడో మాటకల్లా అది ఎలక మూత్రం దగ్గరికి వచ్చి ఆగేది. వానల సంగతెత్తినా అంతే, వంకాయ కూర సంగతెత్తినా అంతే. ఏలూరు పవరుపేటలో ఆయన క్లినిక్కుకి తన ఇంటి ముందువాటా అద్దెకిచ్చిన పాపాయమ్మ అయితే, "ఈయన నోరు తెరుస్తుంటే నాకు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది" అనేది.

చిత్రమేమిటంటే, మనిషి చూడ్డానికి కడిగిన ముత్యంలా ఉండేవాడు. తాతతండ్రులు గుళ్ళో అర్చకత్వం చేసినవాళ్ళు. ఆ గొంతే ఈయనకీ వచ్చింది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడా జారకుండా, గంట కొట్టినట్టు "ఎలక మూత్రం" అనేవాడు. విన్నవాళ్ళు తీర్థానికి చెయ్యి చాపబోయి, విన్నదేమిటో అర్థమయ్యాక ఆ చెయ్యి పంచెకి తుడుచుకునేవాళ్ళు.

వీధిలో ఎవరో పాపం మర్యాదకి పలకరిస్తారు.

"బాగున్నారాండీ డాక్టరుగారూ? ఏం వానలండీ బాబూ!"

"వానలు మంచివేనండీ. నీళ్ళు నిలవకూడదు."

"మరేనండి. దోమలు."

"దోమలు కాదండీ. ఎలక మూత్రం."

ఇంక ఆ మనిషి దొరికిపోయినట్టే. ఎలక నీళ్ళలో పోస్తుంది, ఆ నీళ్ళు కుక్క నాకుతుంది, దాని కాలేయం, మూత్రపిండాలు చెడిపోతాయి, కళ్ళు పచ్చబడతాయి, వారం తిరక్కుండా కుక్క పోతుంది, దాన్ని పెంచినవాడికీ ఆ జబ్బు అంటుకోవచ్చు, కాబట్టి కుక్కకి ఏటేటా సూది వేయించాలి. ఇదంతా చెప్పి, జబ్బు పేరు లెప్టోస్పైరోసిస్ అని చివర్న నామకరణం చేసి వదిలేవాడు. వదిలించుకున్న మనిషి మర్నాటినుంచి పక్కసందులోంచి చుట్టుతిరిగి ఆఫీసుకి వెళ్ళేవాడు. కుక్క లేనివాళ్ళకి కూడా మినహాయింపు లేదు. "ఇవాళ లేదు, రేపు తెచ్చుకుంటారేమో" అనేవాడు.

ఇల్లు అద్దెకి చూడ్డానికి వచ్చిననాడే పాపాయమ్మ గ్రహించవలసింది. తలుపులు తీసి, గదులు చూపించబోతే ఆయన పెరట్లో గొంతుక్కూర్చుని గోడకున్న కంతలోకి చూస్తున్నాడు.

"గదులు చూడరాండీ?"

"గదులకేం, ఉంటాయి. ఈ తూముకి జాలీ లేదేమిటండీ?"

సగం ఇల్లు అద్దెకి తీసుకున్నవాడు మొత్తం ఇంటి తూములకి జాలీలు బిగించాడు. అదీ తన చేత్తోనే. ఇల్లుగలావిడకి ఒకవైపు సంతోషం, ఒకవైపు మంట. తన ఇంట్లో ఎలకలున్నాయని వీధివీధంతా చెప్పినట్టయింది కదా.

ఇంట్లో ఆయన్ని భరించిన ఇల్లాలు శాంతకుమారి. తాడేపల్లిగూడెంలో ఆవిడ అక్క కూతురి పెళ్ళికి బయల్దేరేముందు భర్త చేత ఒట్టు వేయించుకుంది. పందిట్లో ఆ మాట ఎత్తకూడదు. ఎత్తలేదు మహానుభావుడు. పప్పు దగ్గర్నుంచి పెరుగు దాకా నోరు మెదపకుండా తిన్నాడు. ఆఖర్న కొత్త దంపతులు కాళ్ళకి దణ్ణం పెడితే అక్షింతలు వేసి, "నిండు నూరేళ్ళూ ఇంటి చుట్టూ నీళ్ళు నిలవకుండా వర్ధిల్లండి" అని దీవించాడు. పెళ్ళికొడుకు తండ్రి ఊరుకోవచ్చు కదా? "నీళ్ళు నిలిస్తే ఏమవుతుందండీ?" అని అడిగాడు. మూడో బంతి సగంలో లేచిపోయింది.

"అడగ్గా చెప్పాను. నేనై ఎత్తలేదు" అని ఆయన వాదన. శాంతకుమారి మర్నాడు వచ్చి పాపాయమ్మ ముందు తల బాదుకుంది. పాపాయమ్మ కాఫీ ఇచ్చి, "మీకు రాత్రిపూటేనమ్మా. నాకు పగలంతా" అంది.

ఆ ఏడు తొలకరికి క్లినిక్కులో ఫ్రిజ్ చెడిపోయింది. రేపిస్తాను, ఎల్లుండిస్తాను అంటూ మెకానిక్కు దాన్ని తన షాపులో అటకెక్కించాడు. సుందరరామయ్య మందు సీసాల పెట్టె రెండు చేతులా పట్టుకుని పాపాయమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

"పాపాయమ్మగారూ, మీ ఫ్రిజ్‌లో కాస్త చోటు కావాలండీ."

"ఏం పెడతారండీ?"

"కుక్కల సూదిమందు."

"అందులో కొర్రమీను కూరుందండీ. మీరు చెయ్యి పెట్టొచ్చా?"

"మందుకి మడి లేదండీ. మధ్య అరలో పెడితే చాలు. పైన వద్దు, కింద వద్దు."

పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? తలుపు మీద ఎర్ర సిరాతో ఇంగ్లీషులో ఏదో రాసి అంటించాడు. లోపల జ్వరం చూసే గొట్టంలాంటిదొకటి వేలాడదీశాడు. పొద్దున్నొకసారి, మధ్యాహ్నమొకసారి, సాయంత్రమొకసారి వచ్చి తలుపు తీసి, ఆ గొట్టం చూసి, తలుపు వేసేవాడు. ఆవిడ మొహం చూసి మర్యాదకి, "పెరుగు బాగా తోడుకుందండీ" అనేవాడు. వెళ్తూ వెళ్తూ, "ఫ్రిజ్ వెనకాల ఎప్పుడైనా చూశారాండీ..." అనేవాడు.

"ఈ ఇంట్లో ఎలకలుంటే నేనుండను. నేనుంటే ఎలకలుండవు. వెళ్ళిరండి!"

ఆ ఎర్ర సిరా కాగితం మీద ఏముందో పాపాయమ్మకి తెలియదు. చదువు రెండో తరగతిలో ఆగిపోయింది. తెలుగైతే కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషైతే పక్కింటి ముగ్గు చూసినట్టు చూస్తుంది. అడగొచ్చు. కానీ అద్దెకున్నవాణ్ణి పట్టుకుని ఇదేమిటి నాయనా అని ఇంటావిడ అడుగుతుందా? పైగా చల్లదనం గురించి ఒకరు చెబితే వినే మనిషి కాదు. పోయిన పెనిమిటి ముప్ఫయ్యేళ్ళు ఐసు ఫ్యాక్టరీలో పనిచేశాడు. కొల్లేటి చేపని ఐసులో కప్పి లారీకెత్తితే, కలకత్తాలో దిగేదాకా దాని కన్ను తెల్లబడదని ఆ ఇంట్లో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఐసు ముందు ఈ మధ్య అరెంత?

అలా ఉండగా ఒకరోజు యోసేపు గోనెసంచిలో కుక్కని చుట్టుకుని క్లినిక్కుకి వచ్చాడు. ఇతనిది కొల్లేటి అవతలి ఒడ్డున లంకపాడు. పాపాయమ్మ పుట్టిల్లు కూడా అదే. అక్కడ చేపల చెరువు కాపలా కాస్తాడు. చెరువుకి మనిషి కాపలా పేరుకే, అసలు కాపలా కుక్కది. దొంగ వలలవాళ్ళు వచ్చినా, నీటిపిల్లి దిగినా మొదట మొరిగేది అదే. ఇప్పుడా కుక్క కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. సుందరరామయ్య సెలైను పెట్టి రెండు రోజులు దాని పక్కనే కూర్చున్నాడు. దక్కలేదు.

యోసేపు తువ్వాలు విదిలించి లేచాడు. "ఇది విశ్వాసంగాడి పనేనండీ. పక్క చెరువోడు. ఆడే ఇసం పెట్టాడు. ఇవాళ ఆడో నేనో తేలిపోవాలి."

"పోయినేడు విశ్వాసం కుక్క కూడా ఇలాగే పోయింది కదయ్యా. అప్పుడు నువ్వు పెట్టావా?"

"అయ్యబాబోయ్, నేనెందుకు పెడతానండీ? ఆడు మాత్రం నేనే పెట్టానని ఊరంతా చెప్తున్నాడండి."

"ఇద్దరూ పెట్టలేదు. పెట్టింది వేరేవాళ్ళు."

"ఎవరండీ?"

వసారాలో కూర్చున్న పాపాయమ్మ కళ్ళు మూసుకుంది. కట్టు గుడ్డలు చుడుతున్న కాంపౌండరు బాలస్వామి గోడవైపు తిరిగాడు. రానే వచ్చింది.

"ఎలక. మూత్రం."

యోసేపు తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "ఎలకనైతే ఎలా కొట్టమంటారండీ?"

"కొట్టక్కర్లేదు. మీ ఊళ్ళో ఉన్న కుక్కలన్నిటికీ సూది వేద్దాం. మూడు నాలుగు వారాల తేడాతో రెండుసార్లు. మొదటిది పరిచయం, రెండోది కాపలా. ఒకటి వేసి ఊరుకుంటే సగం కట్టిన గట్టులాంటిది. ఆ తరవాత ఏడాదికోసారి."

పోయిన వానాకాలంలో లంకపాడులో పదకొండు కుక్కలు పోయాయి. ఒక్కొక్క కుక్కకీ ఒక్కొక్క పగ పుట్టింది. ఎవడి కుక్క పోతే వాడు పక్కింటివాణ్ణి చూసి పళ్ళు కొరికాడు. అందుకని డాక్టరు మొదటిసారి వచ్చి బడి అరుగు మీద పెట్టె తెరిస్తే, నిజమో అబద్ధమో చూద్దామని నలభై రెండు కుక్కల్ని తెచ్చారు. సూదులు పడ్డాయి. అంతా బాగానే జరిగింది.

రెండో సూది దగ్గరికొచ్చేసరికి ఊరు చల్లబడింది. ఒకసారి పొడిచారు కదా, మళ్ళీ ఏమిటన్నారు. నాట్లన్నారు. సూది వేశాక కుక్క పూటంతా ముభావంగా ఉందన్నారు. సుందరరామయ్య బాలస్వామి చేతికి మైకిచ్చి లంకపాడు పంపిస్తే, ఓట్లకొచ్చారనుకుని సగంమంది తలుపులేసుకున్నారు. డాక్టరు ఆ కబురు విని క్లినిక్కులో బల్ల ముందు కూర్చుండిపోయాడు. ఆ మధ్యాహ్నం ఫ్రిజ్ గొట్టం చూడ్డానికి కూడా రాలేదు. ఇది పాపాయమ్మ చూడలేకపోయింది.

"మైకులో పిలిస్తే ఎవరొస్తారండీ? పిలుపుల్లేని పేరంటానికి నేనైనా వెళ్ళను. బొట్టు పెట్టి పిలవాలి."

"బొట్టు మగవాళ్ళం ఎలా పెడతామండీ?"

"అదే చెప్తున్నాను."

"అయితే మీరు పెడతారా?"

అప్పుడు తెలిసింది ఆవిడకి, తనంతట తనే వెళ్ళి వలలో పడ్డానని. కానీ అన్నమాట వెనక్కి తీసుకుంటే పాపాయమ్మ ఎందుకవుతుంది? పెనిమిటి పోయినా, బొట్టు పుట్టింటివాళ్ళు పెట్టిందని తియ్యని మనిషి. కుంకుమ భరిణె కొంగున కట్టుకుని, పట్టుచీర కట్టి, ఆటో ఎక్కి, పడవ ఎక్కి పుట్టింట దిగింది. దారిపొడుగునా డాక్టర్ని తిడుతూనే ఉంది.

తమ్ముడి భార్య సీతారావమ్మ గుమ్మంలోనే అందుకుంది. "ఏం వదినా, పట్టుచీరా? ఎవరిది పెళ్ళి?"

"మీ కుక్కకి రెండో సూది. శనివారం పొద్దున్న. ఇలా రా, బొట్టు పెట్టనీ."

"పిలుపు నాకా, కుక్కకా?"

"కుక్కకే. నువ్వు తోడు రా."

తుంపర్లో గుమ్మం గుమ్మం తిరిగింది. ఆడవాళ్ళకి బొట్టు పెట్టింది. ఇంట్లో ఎవరూ లేకపోతే గడపకి పెట్టింది. ఒకచోట కుక్క ఎదురొస్తే దాని నుదుటనే పెట్టేసి వచ్చింది. యోసేపు ఇంటి ముందు మాత్రం భరిణె మళ్ళీ కొంగులో దోపుకుని, ప్రార్థన కూటానికి పిలిచినట్టు, "శనివారం ఉదయం పది గంటలకి, తప్పక రావలెను" అని పిలిచింది. యోసేపు అలవాటుగా "ఆమెన్" అన్నాడు. అనుమానపడ్డ ప్రతివాళ్ళకీ ఆవిడ ఒకటే చెప్పింది. "డాక్టరు మొహం చూసి రావద్దు. నా మొహం చూసి రండి. రెండు సూదులూ పడ్డాక మీ కుక్క కన్ను పచ్చబడితే వచ్చి నన్నడగండి." పుట్టింట్లో ఆడపిల్ల మాట అది. పోతే మళ్ళీ రాదు.

శుక్రవారం సుందరరామయ్య ముందుగా లంకపాడు వెళ్ళిపోయాడు, ఆ ఊరి తూములు చూడ్డానికి. సీసాలు సర్ది బాలస్వామితో కలిసి తెచ్చే పూచీ పాపాయమ్మది. ఆ మధ్యాహ్నం కరెంటు పోయి దీపాలవేళ దాకా రాలేదు. ఆవిడ గంటగంటకీ తలుపు తీసి సీసాల మీద చెయ్యి వేసి చూసింది. తెరిచినకొద్దీ చల్లదనం పోయింది. "మధ్య అరట, మధ్య అర!" అని విసుక్కుంది. కరెంటు రాగానే అన్ని సీసాలూ తీసి పైన ఐసుగదిలో, కొర్రమీను పొట్లం మీద జాగ్రత్తగా పేర్చింది. తెల్లారి తీస్తే రాళ్ళలా ఉన్నాయి. మొగుడు చూస్తే మెచ్చుకునేవాడనుకుంది. తువ్వాల్లో చుట్టి, చుట్టూ ఐసుముక్కలు దట్టించి పెట్టె మూసింది.

బడి అరుగు మీద ఆరోజు నిజంగానే పేరంటంలా ఉంది. కుక్కలకి స్నానాలు చేయించి మరీ తెచ్చారు. విశ్వాసం ఒక కొసన, యోసేపు ఒక కొసన, ఎడమొహం పెడమొహంగా నిలబడ్డారు. యోసేపు చేతిలో కొత్త కుక్కపిల్ల ఉంది. పాపాయమ్మ కుర్చీలో ఊరికి పెద్దలా కూర్చుంది.

సుందరరామయ్య పెట్టె తెరిచి ఒక సీసా తీశాడు. వంచాడు. లోపల ఏదీ కదల్లేదు. రెండోది తీశాడు. మూడోది తీశాడు. బాలస్వామి వంగి చెవిలో ఏదో అన్నాడు. డాక్టరు తల అడ్డంగా ఆడించి, ఏదో గొణిగి, పాపాయమ్మ వైపు చూశాడు. ఆవిడ గెడ్డం ఎత్తింది. ఎంత చల్లగా తెచ్చానో చూశావా అన్న ధీమా అది. ఆ ముక్క నలుగురిలో చెప్పాలని కూడా అనిపించింది.

"డాక్టరుగారండీ, రాత్రంతా నేనే..."

"ఎలక మూత్రం!" అని అరిచాడు సుందరరామయ్య.

ఒకళ్ళ మాటకి అడ్డం రావడం ఆయన ఎన్నడూ ఎరగడు. పాపాయమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఈ పెట్టె నిన్న నేను క్లినిక్కు అరుగు మీద మర్చిపోయానండీ. మూత సందులోంచి ఎలక పోసింది. ఒక్క సీసా కూడా పనికిరాదు. తప్పంతా నాదే. ఇంకా వారం వ్యవధుంది. వచ్చే శనివారం కొత్త మందు తెస్తాను. అందరూ దయచేసి మళ్ళీ రావాలి."

 ఆ వెంటనే ఊరు ఊరంతా పగలబడి నవ్వింది.

"ఎలక ఉచ్చకి మందేస్తానని వచ్చి, మందు మీదే పోయించుకొచ్చారాండీ!" అన్నాడు విశ్వాసం కళ్ళు తుడుచుకుంటూ. ఏడాదిగా పలకరింపులు లేని యోసేపు కూడా వాడి పక్కన చేరి నవ్వాడు.

సీతారావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వదినా, వచ్చే వారం ఆ ఎలక్కి కూడా బొట్టు పెట్టి పిలువు."

పడవలో పాపాయమ్మ ఆయన్ని దులిపేసింది.

"పెట్టె నా ఫ్రిజ్‌లో ఉంటే అరుగు మీదుందంటారేంటండీ? మీకు మతుందా? నా పుట్టింట నా తల తీసి కొల్లేట్లో కలిపేశారు కదండీ! పిలిచింది నేను. మాటిచ్చింది నేను. వచ్చే శనివారం ఒక్క కుక్కైనా వస్తుందా? ఎలకంట, ఎలక! ఏ ఎలకండీ? ఎప్పుడు చూశారు?"

"ఎలక ఎక్కడైనా పోస్తుందండీ" అన్నాడాయన నీళ్ళవైపు చూస్తూ.

"శ్రావణం రాగానే నా ఇల్లు ఖాళీ చెయ్యండి."

"అలాగేనండీ" అన్నాడు. కాసేపాగి, "జాలీలు ఉంచేస్తానండీ" అన్నాడు.

బాలస్వామి తెడ్డు వేసేవాడికి ఏదో చెప్పబోయి, డాక్టరు చూస్తే మానుకున్నాడు.

బుధవారం మందుల ఏజెన్సీలో పనిచేసే నౌషాద్ కొత్త పెట్టె తీసుకుని వచ్చాడు. డాక్టరు లేడు. నౌషాద్ ఎప్పుడొచ్చినా నవ్వుమొహంతో వస్తాడు, పాపాయమ్మని "అమ్మగారండీ" అంటాడు, అందుకని మంచినీళ్ళిచ్చింది.

"ఎక్కడ పెట్టమంటారండీ అమ్మగారూ?"

"ఆ ఐసుగదిలో పెట్టు నాయనా. గట్టిగా చల్లబడుతుంది."

నౌషాద్ గ్లాసు కింద పెట్టేశాడు. "అయ్యయ్యో, ఇది ఐసులో పెట్టకూడదండీ! గడ్డకడితే మందు చచ్చిపోద్దండి. కరిగించి పొడిచినా నీళ్ళు పొడిచినట్టేనండి. పోయిన పెట్టె అలాగే పోయింది కదండీ. డాక్టరుగారు ఫోన్లో చెప్పారండి, 'ముసలాణ్ణయిపోయానయ్యా, మతిమరుపుతో నేనే ఐసులో పెట్టేశాను' అని. ఆయనంతటాయన అలా ఎలా చేశారో మాకెవరికీ అర్థం కాలేదండి. తలుపు మీద రాసిపెట్టారు కూడానూ!"

పాపాయమ్మ తలుపు వైపు తిరిగింది. ఎర్ర సిరా కాగితం.

"ఏం రాశాడయ్యా అందులో?" అరవయ్యెనిమిదేళ్ళ జీవితంలో ఒకణ్ణి అలా అడగడం అదే మొదలు.

"గడ్డ కట్టించకూడదనండి."

నౌషాద్ వెళ్ళాక ఆవిడ నేరుగా క్లినిక్కులోకి నడిచి బాలస్వామి చెవి పట్టుకుంది. యాభయ్యేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా చెవి చెవే.

"ఆరోజు ఆయన చెవిలో ఏం చెప్పావురా?"

"అమ్మా, వదలండమ్మా. కరిగించి పొడిచేద్దామండీ, ఎవరికి తెలుస్తాదీ అన్నానండి. 'కుక్కకి తెలుస్తుంది, ముసురు పట్టాక' అన్నారండి."

"మరి ఎలకేంటి?"

"నేనూ అదే అడిగానండి. 'పుట్టింట్లో ఆవిడ పరువు పోకూడదు బాలస్వామీ. నేనేమన్నా ఎలాగూ నవ్వుతారు, ఎలకంటే ఎవరూ మారు అడగరు' అన్నారండి. మీకు చెప్తే పీక తీసేస్తానన్నారండి."

చెవి వదిలేసింది. ఇంట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి, పెరుగు గిన్నె, కొర్రమీను, పచ్చిమిరపకాయలు అన్నీ కింద అరలోకి దించింది. మధ్య అర మొత్తం ఖాళీ చేసి పెట్టె అక్కడ పెట్టింది. సాయంత్రం సుందరరామయ్య వచ్చి తలుపు తీసి, ఆ వైభవం చూసి బిత్తరపోయాడు.

"మీ సామాన్లేవండీ?"

"మీకెందుకండీ? గొట్టం చూసుకుని వెళ్ళండి."

శ్రావణం మాట ఇద్దరూ ఎత్తలేదు.

శుక్రవారం మళ్ళీ బొట్టు భరిణె పట్టుకుని లంకపాడంతా తిరిగింది. ఈసారి ఎవరినీ పెద్దగా బతిమాలనక్కర్లేకపోయింది. ఎలక కథ చుట్టుపక్కల లంకల దాకా పాకిపోయింది. శనివారం అరుగు దగ్గర నలభై రెండు కాదు, అరవై దాకా కుక్కలున్నాయి. కుక్కలు లేనివాళ్ళు కూడా తమాషా చూడ్డానికి వచ్చారు.

"ఈసారి ఎలక వచ్చిందాండీ డాక్టరుగారూ?" అని అరిచాడు విశ్వాసం.

"ఎలక డాక్టరుగారండోయ్!" అని ఇంకెవరో అందుకున్నారు.

సుందరరామయ్య నవ్వి సిరంజి తీసుకున్నాడు. ఆయనకేం, అలవాటే. పాపాయమ్మకే అలవాటు లేదు. కుర్చీలోంచి లేచింది. కొంగు నడుముకి బిగించింది.

"వచ్చింది. ఇదిగో, నేనే ఆ ఎలకని."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"పోయిన పెట్టె పాడుచేసింది నేను. ఐసులో పెట్టకూడదని ఆయన కాగితం రాసి అంటించాడు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. అడగడానికి అహం. చేపని పెట్టినట్టు తీసుకెళ్ళి ఐసులో పెట్టాను. మందు చచ్చింది. మీ ముందు నా మాట దక్కించడానికి ఆయన ఎలక మీదికి తోసి, మీ అందరిచేతా నవ్వించుకున్నాడు. ఇప్పుడు నవ్వండి. నన్ను చూసి నవ్వండి!"

ఎవరూ నవ్వలేదు. సీతారావమ్మ కూడా నేల చూసింది. సుందరరామయ్య గొంతు సవరించుకున్నాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

"అబ్బే, అదేం లేదండీ. ఆవిడ ఊరికే అంటున్నారు. నేను కళ్ళారా చూశానండీ. నల్లటి ఎలక. తోక... తోక ఇంత పొడుగుందండీ." చేతిలో సిరంజి ఉందని మర్చిపోయి, తోక పొడుగు చూపించబోయి బాలస్వామి చేతికి గుచ్చబోయాడు.

అప్పుడు నవ్వింది ఊరు. విశ్వాసం నవ్వి నవ్వి యోసేపు భుజం పట్టుకున్నాడు. యోసేపు ఆ చెయ్యి తీసెయ్యలేదు.

"డాక్టరుగారండీ," అంది పాపాయమ్మ, "అబద్ధమాడటం చేతకానప్పుడు నోరు మూసుకుని సూదెయ్యండి!"

ఆయన నోరు మూసుకున్నాడు. మొదటి సూది సీతారావమ్మ కుక్కకి పడింది. అది కుయ్యోమని గెంతి, తాడు తెంపుకుని, బడి వెనక నిలిచిన వాననీటి గుంట దగ్గరికి పరిగెత్తి నాలుక చాపింది. సుందరరామయ్య నోరు తెరిచాడు. పాపాయమ్మ చూసింది. మళ్ళీ మూసుకున్నాడు.

"ఒసేయ్ సీతారావమ్మా, లాగవే దాన్ని!" అని ఊరు అదిరేలా అరిచింది పాపాయమ్మ. "ఆ నీళ్ళ నిండా ఎలక మూత్రం!"